చిన్నమ్మకు తెలుగు నేర్పిన ఏడాది

తడిపిన పలకకు ఒక వాసన ఉంటుంది. తొలకరి చినుకులు పడిన బండరాతి వాసనకు దగ్గరగా ఉంటుంది గాని అదే కాదు. చెక్క చట్రం నానిన వాసన, బలపం పొడి వాసన, తుడిచిన అరచేతి చెమట వాసన అన్నీ అందులో కలిసి ఉంటాయి. మొన్న మార్కాపురంలో రాతిపలక కోసం దుకాణం దుకాణం తిరిగి, చివరికి ఒకచోట అటక మీద నుంచి దుమ్ముతో సహా దించి ఇచ్చినదాన్ని ఇంటికి తెచ్చి కుళాయి కింద కడగ్గానే ఆ వాసన లేచింది. పలకలు పుట్టే ఊళ్లో పలక కోసం వెతుక్కోవలసి రావడమేమిటని ఆ దుకాణం మనిషితో నేను వేసుకున్న తగాదా వేరే సంగతి; ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిన చూపు నాకు గుర్తే ఉంది, ఉంటుంది కూడా. ఆ పలక నాకు కాదు. డెబ్బైకి దగ్గరపడ్డ మా చిన్నమ్మకు. ఆమె ఇప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక చెవిలో ఫోను తీగ పెట్టుకుని, కన్నడం వింటూ కన్నడం రాస్తోంది. తాను పుట్టిన భాషను ఈ వయసులో తిరిగి నేర్చుకుంటోంది.

కర్ణాటకలో గదగ్ అవతల ఒక పల్లెలో ఆమెకు అక్క ఉంది. మంచం పట్టింది. తల్లీ తండ్రీ అన్నా పోయాక చిన్నమ్మకు పుట్టింటి వైపు మిగిలింది ఆ అక్క ఒక్కతే. ఇన్నేళ్లూ ఫోనులో అక్కచెల్లెళ్ల నడుమ మా చిన్నాయన మాట అందిస్తూ వచ్చాడు. అక్క అటునుంచి బండెడు మాట్లాడేది, ఈయన ఫోను చెవి నుంచి తీసి "బాగుందంట" అనేవాడు. "అంతసేపు మాట్లాడింది, అంతేనా?" అని చిన్నమ్మ అడిగితే "అంతే" అనేవాడు. పోయినేడు చిన్నాయన పోయాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు బతికి ఉండి మాట్లాడుకోలేని పరిస్థితి వచ్చింది. చిన్నమ్మకు అక్క చెప్పేది అర్థమవుతుంది; బదులు చెప్పబోతే నోట్లోంచి తెలుగు వస్తుంది. ఆ తెలుగు అక్కకు రాదు. అంత గట్టిగా ఆమె నోట్లో తెలుగు నాటింది మేమే. అందులో నా చేయి ఎంత ఉన్నదీ నాకు తెలుసు, అప్పట్లో ఆ మాట ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోయినా.

మాది కంభంలో బస్సు దిగి చేల గట్ల మీద నడిచి చేరుకునే పల్లె. కొంచెం మెట్టపొలం, ఎక్కువ గొర్రెలు. ఇంటికంటే గొర్రెల దొడ్డే పెద్దది. కంపచెట్టు ముళ్లకంచె, దాని మీద పొద్దున పూట ఆరబెట్టిన గొంగళ్లు, వానాకాలంలో ఊపిరాడనంత ఘాటుగా లేచే గొర్రెపెంట వాసన, ఎండాకాలంలో అదే పెంట ఎండి పొడై గాలికి కళ్లలో పడడం. సజ్జరొట్టె, ఉల్లిగడ్డ, మిరపకాయ కారం రోజూ తినేవి. ఉగాదికి ఓళిగలనే బొబ్బట్లు, ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు, శివరాత్రికి త్రిపురాంతకం ప్రయాణం. నాయన గొర్రెల వెంబడి పోతే చీకటి పడేవేళకు గాని కనపడేవాడు కాదు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, గొర్రెలు కాయలేక మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేరి, లారీకి పలకలెత్తి, ఆ లారీలోనే కూర్చుని కన్నడ దేశం పోయి ఊరూరా అమ్మి వచ్చేవాడు. అట్లా పోయి పోయి ఒకసారి పలకలతోపాటు పెండ్లి సంబంధం మాట పట్టుకొచ్చాడు. కులం ఒకటే, వాళ్లూ గొర్రెల వాళ్లే, భాష ఒక్కటే వేరు.

చిన్నమ్మ వచ్చిన రోజు ఆమె చేతిగాజుల చప్పుడు గుర్తుంది, ఆమె రొట్టె తట్టినప్పుడు అరచేతుల మధ్య వచ్చిన టపటప చప్పుడు గుర్తుంది, మాట మాత్రం గుర్తు లేదు. మాట్లాడనివ్వలేదు గదా. నీళ్ల బిందె దించుకుంటూ ఆమె చిన్నాయనతో కన్నడంలో ఏదో అనడం, చిన్నాయన బదులు చెప్పడం మా అవ్వ విన్నది. మా నాయన తల్లి ఆమె. ఇంట్లో ఆమె మాటే మాట.

"ఇంగ చాలు. ఈ పొద్దు నుంచి ఇంట్లో ఆ మాట వద్దు," అంది అవ్వ.

"దానికి ఇంకోటి రాదు గదమ్మా," అన్నాడు చిన్నాయన.

"సంతలో కొన్న గొర్రెను ఏం జేస్తాంరా? పాత మంద గంట ఇనపడని చోట కట్టేస్తాం. ఇనపడిందంటే తల అటే తిప్పుతాది, మేత ముట్టదు. మన మంద గంటే ఇనుకుంటా ఉంటే నాలుగు నాళ్లకు మనదైపోతాది."

"అది మనిషమ్మా!"

"మనిషైతే ఇంగా తొందరగా ఎనక్కి పోతాది."

ఈ మాటకు ఇంట్లో అందరూ నవ్వారు, అమ్మతో సహా. నాయన కూడా మీసాల కింద నవ్వాడు. గొర్రెల విషయంలో అవ్వ మాట తప్పయింది ఎప్పుడూ లేదు. మా మందలోంచి కొత్త గొర్రె ఒక్కటి తిరిగి పోయింది లేదు. కాబట్టి ఈ మాటలో తప్పుంటుందని ఎవరికీ తోచలేదు. చిన్నాయన తలవంచుకుని ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి ఆయన భార్యతో కన్నడంలో మాట్లాడాలంటే పొలం దాటి పోవలసి వచ్చేది, ఆ తర్వాత అదీ మానేశాడు.

అవ్వ పద్ధతి వినికిడి. చిన్నమ్మను ఎక్కడ నలుగురు ఆడవాళ్లు చేరితే అక్కడ కూర్చోబెట్టేది. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే చోట, ఆముదాలు ఎండబోసి కొట్టే కళ్లంలో, బావి దగ్గర, గొర్రెలకు బొచ్చు కత్తిరించే చోట. "నువ్వేం మాట్లాడొద్దు, చెవులు తెరిచి పెట్టుకో, ముందు చెవులు నిండనీ," అనేది. ఆ చోట్ల ఎన్ని మాటలు! కోడళ్ల మీద చాడీలు, ఎవరి గొర్రె ఈనింది, ఎవరి మొగుడు అలిగి కంభంలో కూర్చున్నాడు, ఏ బస్సు ఎక్కడ బోల్తా పడింది. వేళ్లు తమపాటికి కాయలు చిట్లిస్తూ ఉండగా చిన్నమ్మ కళ్లు మాట్లాడేవాళ్ల నోళ్ల మీద తిరుగుతూ ఉండేవి. అందరూ నవ్వితే ఒక క్షణం ఆలస్యంగా నవ్వేది. నాకు అది తమాషాగా ఉండేది.

రెండో పద్ధతి నాది. ఇంట్లో బడికి పోయేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాయన నాకు ఆ పని పెట్టాడు. ఎవరూ నన్ను గౌరవంగా పిలిచి చెప్పలేదని అప్పుడే అనిపించింది. "ఖాళీగా తిరిగే బదులు చిన్నమ్మకు నాలుగక్షరాలు చెప్పు" అన్నాడు, అంతే. నేను మాత్రం దాన్ని ఉద్యోగంలా తీసుకున్నాను. మధ్యాహ్నం బడి నుంచి రాగానే దొడ్డి పక్క చింతనీడలో గోనెపట్టా పరిచి, చిన్నాయన లారీ సరుకులో అంచు విరిగి అమ్ముడుపోని పలకను ఆకుపసరుతో రుద్ది నల్లగా చేసి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని. చేతిలో కందికట్టె కూడా ఉండేది. మంచి పలక ఒక్కటి ఇవ్వమని చిన్నాయనను ఎన్నిసార్లు అడిగినా, "నేర్చుకునేదానికి ఇరిగింది చాల్లే" అని నవ్వేవాడు. లారీల నిండా పలకలమ్మిన మనిషి ఇంట్లో పంతులమ్మకు విరిగిన పలక ఇవ్వడం న్యాయమా? ఇప్పటికీ అడుగుతాను.

ఆమె మొదటి రోజే చకచకా రాసింది. రాసింది గాని తలకట్టు వేరేగా పెట్టింది, మెలికలు మరో తీరుగా తిప్పింది. నేను తడిచేత్తో తుడిచేసి మళ్లీ రాయించాను. మళ్లీ అట్లాగే రాసింది. మళ్లీ తుడిచాను. మూతి ముడుచుకోకుండా, ఎదురు చెప్పకుండా, నేను రాసినదాని మీదే బలపం తిప్పడం మొదలుపెట్టింది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకున్నదనీ, పుట్టింట్లో తండ్రికి రోజూ పేపరు చదివి వినిపించేదనీ, నేను తుడిచినవి తప్పులు కావు, కన్నడ అక్షరాలనీ చాలా ఏళ్ల తర్వాత చిన్నాయన మాటల్లో మాటగా చెబితే తెలిసింది. మా ఇంట్లో అప్పటికి అంత చదివిన ఆడమనిషి లేదు. ఆమెకు నేను అ ఆలు దిద్దించాను.

అవ్వ చెవులదీ నా పలకదీ రెండు దారులైతే, ఆ రెంటినీ ఎట్లా కలుపుకోవాలో చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు, తానే కలుపుకుంది. పొద్దున కళ్లంలో విన్న మాటను చెంగున ముడేసుకున్నట్టు దాచుకుని మధ్యాహ్నం నా ముందు విప్పేది. "మాదిరి అంటే?" అని అడిగేది. నేను చెప్పి, పలక మీద రాసి, ఆమెతో రాయించేదాన్ని. మరుసటి రోజు బావి దగ్గర ఆ మాట ఎవరి నోట వచ్చినా చటుక్కున నా వైపు చూసి కనుబొమ్మలెగరేసేది, ఇదిగో నిన్న మనం రాసింది పోతోంది చూడు అన్నట్టు. విన్నది రాస్తే నిలిచింది, రాసింది మళ్లీ వింటే ప్రాణం వచ్చింది. ఇంత చిన్న సంగతి బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారికి తట్టి ఉంటే మా జీవితాలు బాగుపడేవి. ఆయన గోడవైపు తిరిగి బోర్డు మీద రాసేవాడే తప్ప ఒక్క ఇంగ్లీషు వాక్యం మా చెవిన వేసిన పాపాన పోలేదు.

పక్కింటి ఓబులక్క చిన్నమ్మను ఏడిపించడం ఆ కాయలొలిచే చోట అందరికీ రోజువారీ వినోదం. ఒకరోజు ఓబులక్క, "ఏమ్మే నీలమ్మా, మీ దేశంలో మొగుణ్ణి ఏమని పిలుస్తారే? చెప్పు, మేమూ పిలుచుకుంటాం," అంది.

చిన్నమ్మ చేతిలో కాయ చిట్లించి, గింజ చాటలో వేసి, తలెత్తకుండా అంది: "నీ మాదిరి అరిచి పిలిచే పనిలేదు ఓబులక్కా మాకు. ఒకసారి చూస్తే వస్తాడు."

కుప్ప చుట్టూ కూర్చున్నవాళ్లు పడి పడి నవ్వారు. ఓబులక్క కూడా "ఓసి దీని తెలుగు తగలెయ్య!" అని వీపు మీద చరిచింది. అవ్వ సంగతి చెప్పనక్కర్లేదు. "చూస్తిరా? అన్నీ చెవులతోనే పట్టుకునింది. పలకలో యాడుందే ఇట్లాంటి మాట?" అని నా వైపు తిరిగి మరీ అంది. మాదిరి అనే మాట ముందురోజే నేను పలక మీద రాయించానని చెప్పబోతే "ఊరుకో పంతులమ్మా" అని నోరు మూయించింది. అంతమందిలో. ఆ పూట నేను అన్నం మానేసి దొడ్డిలో గొర్రెపిల్లల మధ్య కూర్చున్నాను. అమ్మ రాలేదు, నాయన రాలేదు. చిన్నమ్మ వచ్చింది, సజ్జరొట్టెలో నెయ్యి వేసుకుని. "గమ్మున తిను. నువ్వే నేర్పినావులే," అంది. ఆ మాట అవ్వ ముందర చెబితేనే తింటానన్నాను. పోయి చెప్పి వచ్చింది కూడా. అవ్వ నవ్విందనుకోండి. ఆ అవమానాన్ని నేను ఇన్నేళ్లు మోశాను. అదే ఏడాది ఆ ఇంట్లో రోజూ చిన్నమ్మకు జరిగినవి కూడా అవమానాలేనని నాకు చాలాకాలం లెక్కకు రాలేదు.

ఉగాదికి ఆమె అన్న వచ్చాడు, పండక్కి పిలుచుకుపోదామని. తెల్లటి తలపాగా, భుజాన మూట. మూటలో అట్టల్లా ఎండిన జొన్నరొట్టెలు, నల్లటి పచ్చడి పొడి. అవ్వ అరుగు మీద చాప వేసి, మజ్జిగ ఇచ్చి, మర్యాద ఏమీ తక్కువ చేయలేదు. కానీ నన్ను పిలిచి వాళ్లిద్దరి మధ్య కూర్చోబెట్టింది. "తెలుగులోనే మాట్లాడమను. ఇప్పుడిప్పుడే పట్టుబడతాంది, చెడగొట్టుకోవద్దు," అంది. పరీక్షకు నా విద్యార్థిని నిలబెట్టినంత సంబరం నాకు.

ఆయన కన్నడంలో మెల్లగా చాలాసేపు చెప్పాడు. నాకు తెలిసిందల్లా అందులో అవ్వ, అవ్వ అని పదే పదే రావడం. మా అవ్వ తన గురించేననుకుని తలూపుతూ కూర్చుంది. వాళ్ల వైపు అమ్మను అవ్వ అంటారని మాకెవరికీ తెలియదు. చిన్నమ్మ అన్న ముఖం చూసింది, మా అవ్వను చూసింది, నన్ను చూసింది. "చెప్పు చిన్నమ్మా, తెలుగులో," అన్నాను నేను.

"నేను బాగుండాను అన్నా. అందరూ బాగా చూసుకుంటాండారు. అమ్మకు చెప్పు," అంది. ఒక్క తప్పు లేదు. మా ఇంటివాళ్లంతా మురిసిపోయారు. నేను అందరి ముఖాలూ చూశాను, ఈసారైనా నా పేరు ఎత్తుతారేమోనని. ఆ అన్న ముఖం చూసినవాళ్లు ఎవరూ లేరు. నేను చూశాను. చెవిటివాడు జాతరలో నిలబడ్డట్టు ఉన్నాడు. చిన్నాయన ఏదో సర్దిచెప్పి ఆయన్ను బస్సు దాకా దిగబెట్టాడు. "భాష కుదురుకోనీ, వచ్చే ఉగాదికి పంపిస్తాం," అంది అవ్వ. వచ్చే ఉగాదికి వాళ్లమ్మ లేదు.

అన్న పోయిన సాయంత్రం చిన్నమ్మ గోనెపట్టా తానే పరిచింది. పలక మీద ఏమీ రాయలేదు. గొంతు మీద చేయి పెట్టుకుని, "ఇది ఉంటుంది చూడు, ఇక్కడ, దీన్ని తెలుగులో ఏమంటారు?" అంది. దప్పికా అన్నాను. కాదంది. దగ్గా, నొప్పా, వాంతి వస్తుందా అన్నాను. అన్నిటికీ కాదంది. నాకు రాని మాట అడిగి నన్ను చిన్నబుచ్చుతోందని కోపం వచ్చి, "అట్లాంటి మాట లేదు" అన్నాను. ఆమె నమ్మింది. మా భాషలో ఆ మాట లేదనుకుని, నేను ముందురోజు పెట్టిన వాక్యం చూచిరాత రాసింది. ఆ మాట నాకు ఇప్పుడు తెలుసు, ఒకటికి నాలుగు తెలుసు. చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏం చేసుకుంటుంది ఇప్పుడు?

ఇక ఈనాటి సంగతి. అవ్వ లేదు, మంద లేదు. దొడ్డి ఉన్నచోట చిన్నమ్మ కొడుకు శీను రేకుల షెడ్డు వేసి మోటారుసైకిలు పెట్టుకుంటున్నాడు. కాయలు మిషన్లో ఒలుస్తున్నారు కాబట్టి ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చునే పని లేదు. కోడళ్లు కొత్త భాష వినవలసి వస్తే ఎక్కడ కూర్చుని వింటారో నాకు తెలియదు. నేను బడిపంతులమ్మగా ఉద్యోగం చేసి రిటైరై, ఆ మధ్య నుంచి వారానికి కొన్నాళ్లు ఇక్కడే ఉంటున్నాను. చిన్నమ్మకు కన్నడం తిరిగి తెప్పించే పని నాది అని నేనే నెత్తిన వేసుకున్నాను, ఎవరూ అడగకుండా.

మొదట శీను ఫోనులో ఏదో పాఠాలు పెట్టి ఇచ్చాడు. చిన్నమ్మ కాసేపు విని తీగ పీకేసింది. "ఎవురిదిది? ఆఫీసరు మాట్లాడినట్ల ఉంది. మా అక్క ఇట్ల మాట్లాడితే నేనే ఫోను పెట్టేస్తా," అంది. అప్పుడు ఆ అక్క మనవరాలికి చెప్పించి, ముసలామె మంచంలో ఉండి రోజంతా గొణిగేవి, తిట్టేవి, కోడలికి చెప్పేవి, కాస్త కాస్త రికార్డు చేసి పంపమన్నాం. అవి వస్తున్నాయి. పొద్దున చిన్నమ్మ బియ్యం ఏరుతూ ఊరికే వింటుంది. వింటూ తనలో తాను నవ్వుకుంటుంది. మధ్యాహ్నం పలక తీసి, ఒక్కో మాట దగ్గర ఆపి, నేను ఒకనాడు తుడిపేసిన ఆ అక్షరాల్లోనే రాస్తుంది. రాసింది పైకి చదువుతుంది. మళ్లీ వింటుంది. నేనూ కన్నడ వాచకం ఒకటి తెప్పించుకున్నాను. అక్షరాలు ఇట్టే వచ్చేశాయి, మన అక్షరాలకు దగ్గరి చుట్టాలే. గడగడా చదివేస్తాను, ఒక్క ముక్క అర్థం కాదు. ఆమెకు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే తెలుగు. వాచకం పాఠాల వరసలోనే పోవాలని నేను, ముందు అక్క మాటే వింటానని ఆమె, రోజూ వాదన. నా ఉచ్చారణ విని ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతుంది. "నీకు ముందు చెవులు నిండాలక్కా" అని శీను ఒకరోజు ఎక్కిరించాడు. మా అవ్వ పోలికే వాడిది. నేను ఆ రోజు భోజనానికి లేవలేదు.

నిన్న ఆదివారం అక్కతో మాట్లాడే రోజు. మనవరాలు ఫోను కలిపి ముసలామె చెవి దగ్గర పెట్టింది. చిన్నమ్మ ముందుగా రాసిపెట్టుకున్న రెండు వాక్యాలు చదివినట్టు చెప్పింది. తర్వాత అక్క ఏదో అంది, చిన్నగా, ఒకే ఒక్క మాట. చిన్నమ్మ నోరు తెరిచింది. తెలుగు వస్తుందని నేను భయపడ్డాను. వచ్చింది కూడా, సగం మాట, మింగేసింది. మింగి, ఆగి, ఇంకేదో అంది. అక్క దాన్ని సరిచేసింది. చిన్నమ్మ మళ్లీ అంది. ఇక అక్కడి నుంచి ఎట్లా నడిచిందో నేను పట్టుకోలేకపోయాను. కుంటుకుంటూ మొదలై, ఆగి ఆగి, ఒకచోట ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఈసారి ఆలస్యంగా నవ్వినదాన్ని నేను, ఎందుకో తెలియకుండా.

"ఏమంటాంది చిన్నమ్మా?" అన్నాను.

ఫోను చెవి నుంచి తీయకుండానే నన్ను చూసింది. "ఏం లేదు పో. నీకెట్ల చెప్పేది," అని, ఛార్జింగు అయిపోతోంది, తీగ పట్టుకురమ్మని చేత్తో సైగ చేసింది, చిన్నపిల్లకు చేసినట్టు.

తీగ తెచ్చి ప్లగ్గులో పెట్టాను. ఆమె కళ్లు అప్పటికే నా మీద లేవు. చాలా ఏళ్ల తర్వాత నాకు మళ్లీ నిండుగా అవమానం అనిపించింది. ఇది ఎవరి దగ్గర చెప్పుకోను? విన్నవాళ్లు న్యాయం ఎటువైపు ఉందో చెబుతారు. బయటికి వచ్చి, దొడ్డి ఉన్న చోట, రేకుల షెడ్డు నీడలో నిలబడ్డాను. లోపల ఆమె గొంతు వినిపిస్తోంది. నేను ఎన్నడూ వినని గొంతు అది. కాస్త బొంగురుగా, తొందరగా, గడుసుగా ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒకతె ఆ గొంతుతోనే మా ఇంటికి వచ్చి ఉంటుంది.